సగం పాట గోడలదే

ఏ స్పీకర్ కొనమంటారని అడిగేవాళ్లు బడ్జెట్ చెబుతారు, టీవీ సైజు చెబుతారు, బావమరిది ఈ మధ్యే కొన్న సెట్ పేరు కూడా చెబుతారు. దాన్ని పెట్టబోయే గది పొడుగెంత, నేల మీద ఏం పరిచారు, సోఫా గోడకు ఆనుకుని ఉందా అన్నవి మాత్రం చెప్పరు. మనమే అడిగితే మాట తప్పిస్తున్నామనుకుంటారు. నిజానికి ఇంట్లో మన చెవికి చేరే శబ్దంలో స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది కొంతే. మిగిలినదంతా గోడలకూ నేలకూ స్లాబుకూ తగిలి, కాస్త ఆలస్యంగా, కాస్త రంగు మారి వస్తుంది. స్పీకర్‌ను డబ్బిచ్చి కొంటాం. గది ఎప్పుడో కట్టేసి ఉంటుంది, దాని సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

గది చేసే పనిని మొదటిసారి లెక్కగట్టినవాడు వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం వాళ్లు కొత్తగా కట్టించుకున్న ఉపన్యాసశాల ఒకటి ఎందుకూ పనికిరాకుండా పోయింది. వక్త పలికిన మాట ఐదున్నర సెకన్ల దాకా హాల్లోనే తిరిగేది. ఆలోగా ఆయన మరో పది మాటలు పలికేవాడు, అన్నీ కలిసి కలగూరగంప అయ్యేవి. దీన్ని బాగుచేసే పనిని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఎలియట్ ఇరవై ఏడేళ్ల భౌతికశాస్త్ర అధ్యాపకుడైన సాబిన్‌కు అప్పగించాడు. సాబిన్ దగ్గర ఉన్న సాధనాలు ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, తన చెవులు, అంతే. దగ్గర్లోని శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మీది మెత్తలు అర్ధరాత్రి దాటాక మోసుకొచ్చేవాడు. కొన్ని పరిచి కొలిచేవాడు, ఇంకొన్ని పరిచి మళ్లీ కొలిచేవాడు. తెల్లారేలోగా అన్నీ తిరిగి యథాస్థానానికి చేర్చాలి. అంత రాత్రివేళ ఎందుకంటే పగలు వీధి చప్పుడు కొలతను చెడగొడుతుంది. తాను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటున్నాయని గమనించి, ఆ తర్వాత ప్రయోగాలన్నీ ఒకే జత బట్టలతో చేశాడు.

అలా తేలిన సూత్రం చాలా చిన్నది. గది ఘనపరిమాణాన్ని, ఆ గదిలోని వస్తువులు మొత్తంగా పీల్చుకునే శక్తితో భాగించి, ఒక స్థిరాంకంతో గుణిస్తే శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతుందో తెలుస్తుంది. అడుగుల్లో లెక్కేస్తే ఆ స్థిరాంకం 0.049. పీల్చుకోవడానికి సాబిన్ పెట్టుకున్న కొలబద్ద తెరిచిన కిటికీ. అందులోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. ఈ సూత్రాన్ని నమ్మి కట్టిన మొదటి భవనం 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్. ప్రపంచంలో సంగీతం అద్భుతంగా వినిపించే హాళ్లలో ఒకటిగా ఇవాళ్టికీ దాని పేరు చెబుతారు.

ఇప్పుడు మన హాలుకు రండి. 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. ఘనపరిమాణం 1800 ఘనపుటడుగులు. నేల, పైకప్పు, నాలుగు గోడలు కలిపి 900 చదరపు అడుగులు. నేల మీద విట్రిఫైడ్ టైల్స్, గోడలకు ప్లాస్టరింగ్ మీద లప్పం, పైన కాంక్రీట్ స్లాబ్. ఇవన్నీ తమకు తగిలిన శబ్దంలో నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే పీల్చుకుని మిగతాది వెనక్కి కొడతాయి. మూడు పాళ్లు అనుకుంటే 900లో 27. సూత్రంలో వేస్తే శబ్దం చావడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. గృహప్రవేశం నాడు పురోహితుడి మంత్రం ఖాళీ గదుల్లో అలా మోగిపోవడానికి కారణం ఇదే. సోఫాలు, పరుపులు, కర్టెన్లు, బట్టల బీరువాలు, మనుషులు చేరాక సగటున నూటికి ఇరవై పాళ్లు పీల్చుకునే స్థితి వస్తే అదే గదిలో ప్రతినాదం అర సెకనుకు దిగుతుంది. పాటలకూ మాటలకూ ఇంట్లో కావలసింది అంతే.

మన ఇళ్లలో ఇబ్బంది ఏమిటంటే చాలా హాళ్లు ఆ ఇరవై దాకా రావు. కడగడానికి వీలుగా నేల, తుడవడానికి వీలుగా చెక్క సోఫా, దుమ్ము పట్టకుండా పల్చటి కర్టెన్. మన ఎండలకూ దుమ్ముకూ ఇవి సరైన ఏర్పాట్లే, నేను కాదనను. కానీ ఆ హాల్లో లక్ష రూపాయల స్పీకర్ పెట్టినా ట్రెబుల్ గీరుకుపోయినట్టు, గొంతు బాత్రూమ్‌లోంచి వచ్చినట్టు ఉంటుంది. స్పీకర్ మార్చే ముందు సోఫాకూ టీవీకీ మధ్య ఒక మందపాటి తివాచీ పరిచి, కిటికీకి మడతలు మడతలుగా పడే బరువైన కర్టెన్ వేసి వినండి. కర్టెన్‌ను కిటికీ వెడల్పుకు రెండింతల గుడ్డతో కుట్టించాలి. బిగుతుగా లాగిన పల్చటి గుడ్డ అందానికి తప్ప ఎందుకూ కాదు. అంచులు సమంగా లేని పుస్తకాల బీరువా శబ్దాన్ని ఒకే వైపు కాకుండా నలుదిక్కులా చెదరగొడుతుంది, అదీ మేలే. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించడం మాత్రం శుద్ధ దండగ. ఆ అట్టకు మందం లేదు, బరువు లేదు. పైపై కీచుదనాన్ని కాస్త తగ్గించి మిగతాది అలాగే వదిలేస్తుంది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. గదిలో శబ్దాన్ని పీల్చుకోవడం వేరు, పక్కింటికి పోకుండా ఆపడం వేరు. మొదటిదానికి మెత్తటి వస్తువులు కావాలి, రెండోదానికి బరువు కావాలి. తివాచీ వేశాం కదా అని రాత్రి పదకొండింటికి సబ్‌వూఫర్ పెంచితే కింది అంతస్తువాళ్లు మెట్లెక్కి వస్తారు.

ఇంతవరకూ చెప్పింది మధ్య స్వరాలకూ హెచ్చు స్వరాలకూ. బేస్ దగ్గర గది ప్రవర్తనే వేరు. గాలిలో శబ్దం మన వాతావరణానికి సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. సెకనుకు 20,000 కంపనాల స్వరానికి తరంగం పొడవు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, అదే 40 కంపనాల స్వరానికి 28 అడుగులు దాటుతుంది. అంటే మన హాలు కన్నా తరంగమే పెద్దది. అలాంటి తరంగం గదిలో తిరగదు, గది మొత్తాన్ని ఒక్కసారిగా ఊపుతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం సరిగ్గా సగం తరంగానికి సరిపోయే స్వరం వచ్చినప్పుడు గది దాన్ని పట్టుకుని వదలదు. పైన చెప్పిన హాలుకు ఆ స్వరాలు సుమారుగా 38, 48, 57 హెర్ట్జ్. పాటలో ఆ స్వరం తగిలినప్పుడల్లా ‘బుమ్మ్’ అని సాగుతుంది, పక్క స్వరం తగిలితే మామూలుగా ఉంటుంది. బేస్ ఒకే మోతలా ఉంది, రాగం తెలియడం లేదు అని జనం చెప్పే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. గది నలుచదరంగా ఉంటే రెండు జతల గోడలూ ఒకే స్వరాన్ని పట్టుకుంటాయి కాబట్టి ఇబ్బంది రెట్టింపు.

కర్టెన్లతో దీన్ని మాన్పలేం. 48 హెర్ట్జ్ తరంగాన్ని పీల్చాలంటే మెత్తటి పొర దాని పొడవులో నాలుగో వంతు, అంటే ఆరు అడుగుల మందం ఉండాలి. ఉన్న గదిలో మనం మార్చగలిగినవి రెండే: కూర్చునే చోటు, సబ్‌వూఫర్ చోటు. ఇలా నిలబడిపోయే తరంగానికి గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, గది నడుమ తక్కువ. సోఫాను వెనక గోడకు ఆనించి కూర్చున్నవాడికి బేస్ మీద పడుతుంది, నట్టనడుమ కూర్చున్నవాడికి అదే స్వరం మాయమవుతుంది. సోఫాను గోడ నుంచి రెండు మూడు అడుగులు ముందుకు జరిపితే పైసా ఖర్చు లేకుండా వచ్చే మార్పు, ఆంప్లిఫయర్ మార్చితే రాదు. సబ్‌వూఫర్‌కు చోటు వెతకడానికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. దాన్ని తీసుకెళ్లి మీరు కూర్చునే చోటే పెట్టండి. బేస్ స్వరాలు మెట్లుమెట్లుగా వినిపించే పాట వేసి, గోడల పక్కన నేల మీద పాకుతూ వినండి. అన్ని స్వరాలూ సమానంగా వినిపించిన చోట సబ్‌వూఫర్ పెట్టి, మీరు సోఫాలోకి వెళ్లిపోండి. వినేచోటు, పుట్టేచోటు తారుమారు చేసినా గది లెక్క మారదు కాబట్టి ఇది పనిచేస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇప్పటి ఏవీ రిసీవర్లు చాలావాటితో చిన్న మైకు వస్తుంది. అది గదిని కొలిచి, పొంగిన స్వరాలను తగ్గిస్తుంది. ఆ పని బాగానే చేస్తుంది. అయితే మాయమైన స్వరాన్ని మాత్రం తిరిగి తేలేదు. రెండు తరంగాలు ఎదురెదురుగా వచ్చి రద్దు చేసుకునే చోట ఎంత పెంచితే అంతా రద్దవుతుంది.

స్పీకర్ దగ్గరికి వద్దాం. ఇప్పుడు మనకు తెలిసిన రూపంలో స్పీకర్‌ను 1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ తయారుచేశారు. అయస్కాంతం సందులో తీగచుట్ట, దానికి అతికిన కాగితపు శంకువు, చుట్టూ మెత్తటి అంచు. తీగలో కరెంటు అటూ ఇటూ మారితే శంకువు ముందుకూ వెనక్కూ కదిలి గాలిని తోస్తుంది. వందేళ్లలో పదార్థాలు మారాయి, లెక్కలు మారాయి, పనిచేసే పద్ధతి మారలేదు. ఇందులో కొనేవాడు తెలుసుకోవలసిన భౌతికశాస్త్రం ఒక్కటే. స్వరం ఒక అష్టకం దిగితే, అదే హోరు వినిపించడానికి శంకువు నాలుగింతలు కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే సరిపోయేది 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి, 20 దగ్గర పదహారు. మూడంగుళాల శంకువు కన్నా ఎనిమిదంగుళాల శంకువు వైశాల్యం ఏడింతలు, అంచేత అది ఏడో వంతు కదిలితే చాలు. అరచేతిలో పట్టే స్పీకర్ నుంచి దద్దరిల్లే బేస్ వస్తుందని అమ్మేవాడు చెబితే, అది చాలావరకు మన మెదడు పూరించుకున్నది. అసలు స్వరం లేకపోయినా దాని పై స్వరాలు వినిపిస్తే మెదడు కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ఫోన్‌లో మగగొంతు మగగొంతులా వినిపించేదీ ఇందుకే. పాట తెలుస్తుంది, ఛాతీకి తగలదు.

పెట్టె పరిమాణం కూడా ఈ లెక్కలోదే. 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలో బంధించిన గాలినే స్ప్రింగులా వాడుకుని, పుస్తకాల అరలో పట్టే పెట్టెతో లోతైన బేస్ సాధించాడు. అయితే చిన్న పెట్టె, లోతైన బేస్ రెండూ కావాలంటే స్పీకర్ ఒక్కో వాటుకు తక్కువే మోగుతుంది. ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ వేసిన లెక్కలు దీన్ని ఇంజనీర్లకు సూత్రాలుగా అందించాయి.

మన దగ్గర ఇంకో చిన్న సంగతి. శంకువు చుట్టూ ఉండే అంచు స్పాంజి రకమైతే, తీరప్రాంతపు ఉక్కపోతకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉండేవాళ్లు రబ్బరు అంచు చూసి కొనడం మంచిది.

వాట్ల విషయంలో మోసం పాతది. 1990లలో టేప్‌రికార్డర్ల అట్టపెట్టెల మీద ‘1000 వాట్స్ పీఎంపీఓ’ అని అచ్చేసేవాళ్లు. ఆ అక్షరాలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. తయారీదారు ఎంత రాసుకుంటే అంత. చూడవలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, దానికన్నా ముందు స్పీకర్ సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందన్నదే అది. 87 డెసిబెల్స్ అనుకుందాం. రెండు స్పీకర్లు కలిసి మూడు కలుపుతాయి, మూడు మీటర్ల దూరంలో సోఫాకు చేరేసరికి గదిలో ఆరు దాకా తగ్గుతాయి. ఒక్కో వాటుతోనే సోఫాలో 84 డెసిబెల్స్. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది. అంటే ఒక్క వాటుకే పాట బాగా గట్టిగా మోగుతోంది. మృదంగం దెబ్బలాంటి క్షణికమైన శిఖరాలు 100 డెసిబెల్స్ దాకా పోవాలంటే ఒక్కోదానికి 40 వాట్లు చాలు. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చేది మూడు డెసిబెల్స్ మాత్రమే, చెవికి కాస్త పెరిగినట్టు ఉంటుంది. శబ్దం రెండింతలుగా అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. 50 వాట్ల ఆంప్లిఫయర్‌ను అమ్మేసి 100 వాట్లది కొనడానికి పెట్టే డబ్బు, మూడు డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కు పెట్టినా ఫలితం అదే. చెవుల సంగతి కూడా చూసుకోవాలి. వారానికి 40 గంటల దాకా 80 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన హద్దు.

స్పీకర్ తీగల గురించి ఒక్క పేరా కన్నా ఎక్కువ రాయడం కాగితం దండగ. కరెంటు సామాను కొట్లో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు సుమారు 0.012 ఓముల నిరోధం. ఐదు మీటర్ల దూరానికి పోనూ రానూ పది మీటర్లు, మొత్తం 0.12 ఓములు. ఎనిమిది ఓముల స్పీకర్ ముందు అదెంత? డెసిబెల్‌లో ఏడెనిమిదో వంతు నష్టం. దూరం ఎక్కువైతే 2.5 తీగ వేసుకోండి. ప్లస్ ప్లస్‌కూ మైనస్ మైనస్‌కూ కలిసిందో లేదో చూసుకోండి. ఒక స్పీకర్‌కు తిరగబడితే రెండు శంకువులూ ఎదురెదురుగా పనిచేసి బేస్‌ను చంపేసుకుంటాయి. డిజిటల్ ఫైళ్లదీ దాదాపు ఇదే కథ. 1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు. అంతకు మించిన నాణ్యతతో చేసిన రికార్డింగ్‌ను మధ్యలో సీడీ స్థాయికి దించి వినిపిస్తే శ్రోతలు తేడా పట్టలేకపోయారని మేయర్, మోరన్ 2007లో ప్రచురించారు. పాట ఎంత బాగా రికార్డు చేశారన్నది మాత్రం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

రెండు స్పీకర్లు ఎందుకు అన్నదానికి సమాధానం మన తల వెడల్పులో ఉంది. కుడివైపు శబ్దం కుడిచెవికి ముందు, ఎడమచెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతుకు మించదు. మంద్రస్వరాల దిక్కును ఆ కాలభేదంతోనూ, తారస్వరాల దిక్కును తల అడ్డుపడి తగ్గించిన హోరుతోనూ పోల్చుకుంటామని 1907లో లార్డ్ ర్యాలీ వివరించాడు. పాతికేళ్లు తిరక్కుండానే లండన్‌లో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజనీరు భార్యతో సినిమాకు వెళ్లాడు. తెర మీద నటుడు ఓ చివర ఉంటే గొంతు ఇంకెక్కడి నుంచో రావడం అతనికి నచ్చలేదు. గొంతు మనిషి వెంట నడిచేలా చేయగలనని అప్పుడే చెప్పాడట. 1931 డిసెంబరులో స్టీరియోకు పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. ఒకే గాడిలో రెండు ఛానళ్లను చెక్కే పద్ధతి కూడా అందులోనే ఉంది. స్టీరియో ఎల్పీలు బజారులోకి వచ్చేసరికి 1958. దాన్ని చూడటానికి అతను లేడు. 1942లో రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలి, 38 ఏళ్లకే పోయాడు.

అతను కోరుకున్న ఆ భ్రమ మన ఇంట్లో కలగాలంటే రెండు స్పీకర్లూ, వినే మనిషీ సమబాహు త్రిభుజంలో ఉండాలి. హెచ్చు స్వరాలు పలికే ట్వీటర్ చెవి ఎత్తున ఉండాలి. ఎక్కువ ఇళ్లలో ఇది జరగదు. స్పీకర్లు షోకేసులో బొమ్మల పక్కన, మూడు వైపులా చెక్క, వెనక గోడ ఉన్న గూట్లో చేరతాయి. గూడు బేస్‌ను అక్కర్లేకుండా పెంచి, గొంతును బొంగురుగా మారుస్తుంది. షోకేసే గతి అయితే స్పీకర్ ముందుభాగం అర అంచు దాకా జరపండి, వీలైతే అంచు దాటించండి. రెండు పక్కల గోడల మీద అద్దం జరుపుతూ, సోఫాలోంచి చూస్తే ఎక్కడ స్పీకర్ కనబడుతుందో అక్కడ శబ్దం మొదటిసారి తగిలి మీ దగ్గరికి వస్తోందని అర్థం. కర్టెనో పుస్తకాల అరో పెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఇక హోమ్ థియేటర్. మన ఊళ్లలో ఈ మాటకు చిన్నచిన్న స్పీకర్లు ఐదూ ఒక సబ్‌వూఫర్ ఉన్న పెట్టె అని అర్థం స్థిరపడింది. తీగ చాలక ఐదూ టీవీ చుట్టూనే చేరిన ఇళ్లు కొల్లలు. వెనక ఉండాల్సినది ఫ్రిజ్ మీద కూర్చుని ఉంటుంది. 5.1 అమరికలో పక్క స్పీకర్లు వినేవాడికి సరిగ్గా వెనక కాకుండా, పక్క నుంచి కాస్త వెనక్కి, 110 డిగ్రీల దగ్గర ఉండాలి. కానీ డబ్బు చాలకపోతే వదులుకోవలసినవి అవే. వదులుకోకూడనిది మధ్య స్పీకర్. సినిమాలో సంభాషణ దాదాపుగా దానిలోంచే వస్తుంది. ఒక్కరే వినేటప్పుడు రెండు స్పీకర్ల మధ్య గొంతు భ్రమగా నిలబడుతుంది, మధ్య స్పీకర్ లేకపోయినా పర్వాలేదు. ఐదుగురు కూర్చుంటే, ఓ చివర ఉన్నవారికి దగ్గరి స్పీకర్ శబ్దం కొన్ని మిల్లీసెకన్లు ముందే చేరుతుంది. ముందు చేరినదే చెవి నమ్ముతుంది, గొంతు ఆ మూలకు లాక్కుపోతుంది. 1940ల చివర హెల్ముట్ హాస్ జర్మనీలో దీన్ని కొలిచాడు. కుటుంబమంతా కూర్చుని సినిమా చూసే మన అలవాటుకు మధ్య స్పీకర్ విలాసం కాదు, అవసరం.

డైలాగులు వినబడటం లేదు, ఫైటు రాగానే చెవులు పగులుతున్నాయి అన్న గొడవ ప్రతి ఇంట్లోనూ ఉంది. తప్పు ఒక్కచోట లేదు. థియేటర్ కోసం కలిపిన శబ్దంలో గుసగుసకూ పేలుడుకూ మధ్య దూరం చాలా ఎక్కువ. టీవీలోని చిన్న స్పీకర్లు కిందికీ వెనక్కీ చూస్తుంటాయి. దీనికి తోడు మోగే హాలు. ప, త, క లాంటి హల్లులు క్షణికమైన చిన్న పేలుళ్లు, అచ్చులు పొడవైనవి, బలమైనవి. గదిలో మిగిలిపోయిన ముందు అచ్చు వచ్చే హల్లును మింగేస్తుంది. కాబట్టి మొదట తివాచీ. తర్వాత, రెండే స్పీకర్లు ఉంటే టీవీ ఆడియో సెట్టింగ్‌లో 5.1 బదులు స్టీరియో పెట్టండి, మధ్య ఛానల్ ఆ రెండింటిలోకి సరిగ్గా కలుస్తుంది. మధ్య స్పీకర్ ఉంటే దాన్ని రెండు మూడు డెసిబెల్స్ పెంచండి, తప్పేమీ లేదు. రాత్రిపూట నైట్ మోడ్ వాడండి. సబ్‌వూఫర్‌కు 80 హెర్ట్జ్ దగ్గర కోత పెడితే సరిపోతుంది. అంతకు దిగువన శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి చెప్పలేదు, అంచేత అది ఏ మూలనున్నా ఫర్వాలేదు.

పైకప్పు నుంచి వాన కురిపించే డాల్బీ అట్మాస్ 2012లో వచ్చింది. ఆ కంపెనీ పెట్టిన రే డాల్బీ అంతకు ముందు, 1963 నుంచి 1965 దాకా, ఐక్యరాజ్యసమితి సలహాదారుగా మన దేశంలోనే పనిచేశాడు. పైకి గురిపెట్టిన స్పీకర్లతో శబ్దాన్ని స్లాబుకు కొట్టి దించే సౌండ్‌బార్లకు పైకప్పు చదునుగా, మరీ ఎత్తు లేకుండా ఉండాలి. మన కాంక్రీట్ స్లాబు దానికి బాగానే పనికొస్తుంది. ఫాల్స్ సీలింగ్‌లో మెట్లు, దీపాల గూళ్లు ఉంటే ఆ వాన ఎక్కడో పడుతుంది.

పాత పాటలు వినేవాళ్లకు వేరే లెక్క. 1950, 60లలో మన సినిమాపాట మోనో. ఫిల్మ్ అంచున గీసిన ఆప్టికల్ ట్రాక్ మీదుగా వచ్చిన శబ్దంలో 8,000 హెర్ట్జ్ పైన మిగిలేది బహు స్వల్పం. తెలుగులో 70 ఎంఎం తెరకూ ఆరు ట్రాకుల శబ్దానికీ 1986లో ‘సింహాసనం’ దాకా ఆగాల్సి వచ్చింది. ఘంటసాల గొంతు కోసం ఖరీదైన ట్వీటర్ కొనడం అనవసరం. ఆ గొంతు నిలిచేదంతా మధ్య స్వరాల్లో, అక్కడ నిజాయితీగా పలికే ఐదారంగుళాల ఊఫర్ కావాలి. మోనో పాటకు వర్చువల్ సరౌండ్ బటన్లు నొక్కితే గొంతు నీళ్లు కలిపినట్టవుతుంది. ఒక్క మంచి స్పీకర్‌లోంచి వింటే పాట చక్కగా ఒకచోట నిలబడుతుంది. రెండు చిన్న స్పీకర్ల కన్నా ఒక మంచి స్పీకర్ కొనుక్కున్న పెద్దవాళ్లను చూస్తే నాకు ముచ్చట వేస్తుంది.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన రికార్డింగులే తీసుకెళ్లండి. వాళ్లు వేసే పాటలు ఆ స్పీకర్లకు నప్పేలా ఎంచినవి. నన్నడిగితే ఒక కచేరీ రికార్డింగ్ చాలు. తంబురా తీగ వంపు తిరిగిన బ్రిడ్జి మీద నూలుపోగు సాయంతో రాసుకుంటూ, దట్టమైన పై స్వరాలను పుట్టిస్తుంది. సి.వి. రామన్ 1920ల మొదట్లో దీన్ని పరిశీలించాడు. మామూలు డోలు చర్మం మీద పై స్వరాలు పొంతన లేకుండా వస్తే, మృదంగం నల్లటి పూత బరువు వల్ల అవి పూర్ణాంకాల నిష్పత్తిలోకి సర్దుకుంటాయని 1920లోనే శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో రాశాడు. తంబురా శ్రుతి తేనెటీగల రొదలా కాక తీగలు తీగలుగా విడివడి వినబడితే ట్వీటర్ మంచిదే. మృదంగం కుడివైపు దెబ్బలో స్వరం స్పష్టంగా పలికి, ఎడమవైపు దెబ్బ బరువుగా దిగి వెంటనే ఆగితే ఊఫర్, పెట్టె రెండూ సరిగ్గా ఉన్నట్టే.

కళ్లను మాత్రం నమ్మకండి. కెనడా జాతీయ పరిశోధన మండలిలో తెర వెనక స్పీకర్లను దాచి వినిపించే పరీక్షలకు పేరుపడ్డ ఫ్లాయిడ్ టూల్, తర్వాత హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్‌తో కలిసి ఒక పని చేశాడు. అవే స్పీకర్లను అదే మనుషులకు ఒకసారి చూపించి, ఒకసారి దాచి వినిపించాడు. 1994లో వెలువడిన ఆ ఫలితాల్లో, దాచినప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చవక ప్లాస్టిక్ సెట్‌కు, చూపించగానే మార్కులు పడిపోయాయి. విన్నవాళ్లందరూ ఆడియో కంపెనీ ఉద్యోగులే. టూల్ దశాబ్దాల కొలతల్లో తేలిన ఇంకో సంగతి, రెండు మూడు వందల హెర్ట్జ్ దిగువన గదే రాజు, ఆ పైన స్పీకర్‌దే పెత్తనం. దుకాణంలో విన్న బేస్ మీ ఇంటికి రాదు. మీ ఇంటికి వచ్చేది ఆ గొంతు, ఆ తంబురా మాత్రమే. వాటిని బట్టే ఎంచుకోండి.

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఒకటి కొద్దిగా ఎక్కువ మోగినా చెవికి అదే మంచిదనిపిస్తుంది. ఒక డెసిబెల్ తేడా కూడా చాలు. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని రెండింటినీ సమానం చేయించండి. ఎంత హోరులో వింటున్నారన్నది కూడా ముఖ్యమే. హోరు తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ను మిగతావాటికన్నా తొందరగా పోగొట్టుకుంటుందని 1933లో బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ గ్రాఫులు గీసి చూపించారు. పాత ఆంప్లిఫయర్ల మీద లౌడ్‌నెస్ బటన్ వచ్చింది దానికోసమే. దుకాణంలో గట్టిగా పెట్టినప్పుడు నిండుగా ఉన్నది ఇంట్లో పిల్లలు పడుకున్నాక పెట్టే హోరులో పలచబడుతుంది. అమ్మేవాడు పెంచుతుంటాడు. మీరు రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పెట్టుకునేంతకు తగ్గించమనండి, మొహం మాడ్చుకున్నా సరే, ఆ హోరులోనే రెండు పాటలు పూర్తిగా వినండి.